మోటివేషన్ సంగతి తర్వాత, ముందు బీరువాలోని పాలసీ కాగితాలు తీయండి

ఇంగ్లీష్ అంత ముఖ్యమా, ముఖ్యమైతే రెండు రోజులకు మించి చదవాలనిపించడం లేదెందుకు అని అడిగారు. ముఖ్యమే. చదవాలనిపించకపోవడం కూడా న్యాయమే, ఎందుకంటే మీరు పట్టుకున్న పుస్తకంలో మీకు కావలసిన విషయం ఒక్కటీ ఉండదు. రాముడు మామిడిపండు తిన్నాడు, రాముడి చేత మామిడిపండు తినబడింది. పదో తరగతి దాకా దీన్నే అటు తిప్పి ఇటు తిప్పి రాశాం. ఎవరు తింటే నాకేంటి?

నాది తెలుగు మీడియం. తెనాలిలో జిరాక్స్ షాపు. కోర్టు కాపీలు, బ్యాంకు కాగితాలు కట్టలు కట్టలుగా నా చేతుల మీదుగానే పోయేవి, ఒక్క లైను చదివిన పాపాన పోలేదు. మధ్యలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకీ వెళ్లాను. సారు రోజూ అరగంట సక్సెస్ గురించి చెప్పేవాడు, అదీ తెలుగులోనే. ఫీజు మొత్తం మొదటి రోజే కట్టించుకునేవాడు, నెలాఖరుకి ఎవరూ మిగలరని ఆయనకీ తెలుసు కదా.

నాకు ఇంగ్లీష్ పట్టుబడింది మా నాన్న హెర్నియా ఆపరేషన్ వల్ల. గుంటూరులో చేయించాం. ఆయనకి హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. క్యాష్‌లెస్ కుదరదన్నారు, అంటే ఆసుపత్రి బిల్లు కంపెనీ నేరుగా కట్టదట, అమ్మ గాజులు తాకట్టు పెట్టి బిల్లు కట్టాం. తర్వాత క్లెయిమ్ పెడితే అదీ తిరగ్గొట్టారు. 24 నెలల వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకి డబ్బు ఇవ్వని గడువు, పూర్తి కాలేదని ఒక పేరా, కింద క్లాజ్ నంబరు, అంతే. మేం కడుతున్నది మూడో ఏడు! ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, "ఆపరేషన్ అయిపోయిందిగా అన్నా, బాబాయ్ బాగానే ఉన్నాడుగా, కంపెనీతో మనం పడలేం, వదిలేయండి" అన్నాడు. పాలసీ అంటగట్టేటప్పుడు మాత్రం ఇంటికొచ్చి రెండు పూటలా కాఫీ తాగాడు.

ఆ రాత్రి షాపు షట్టర్ సగం దించి పాలసీ పుస్తకం ముందేసుకున్నాను. ఆ క్లాజ్‌లో ఒకచోట ఆరు లైన్లకి గానీ ఫుల్‌స్టాప్ లేదు. పెన్సిల్‌తో కామా ఉన్నచోటల్లా గీత కొట్టి, ఒక్కో ముక్కా పాడైపోయిన జిరాక్స్ కాగితాల వెనక తెలుగులో రాసుకున్నాను. తెలియని మాటకు ఫోన్‌లో అర్థం చూడటం, మళ్లీ మొదటికి రావడం. ఎవరూ మోటివేట్ చేయక్కర్లేదు, గాజులు గుర్తొస్తే చాలు. చివరికి దొరికింది. మధ్యలో గ్యాప్ లేకుండా రెన్యువల్ చేస్తూ వస్తే పాత ఏళ్లు కూడా వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తాయని దాని కిందే ఉంది. రెన్యువల్‌లో మా పాలసీ నంబరు మారింది, వాళ్లు కొత్త నంబరు తేదీ నుంచి లెక్కేశారు.

ఫిర్యాదు ఇంగ్లీష్‌లో నేనే రాశాను. నాలుగైదు చిన్న వాక్యాలు, గ్రామర్ దేవుడెరుగు, క్లాజ్ నంబరు మాత్రం కరెక్ట్. పాత పాలసీల జిరాక్స్‌లు జత చేశాను, అవి ఎలాగూ ఫ్రీ. డబ్బు అకౌంట్‌లో పడింది, గ్లౌజులూ అవీ కవర్ కావని కొంత కోసుకుని. కోసిన లిస్టు కూడా లైను లైను చదివాను, ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని. దొరకలేదు.

మీకూ ఇలాంటిది తగిలితే ముందు కంపెనీకే రాయండి. నెలలోగా తేల్చకపోయినా, వాళ్ల జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చేది, ఆంధ్రాకీ తెలంగాణకీ అదే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

మన దగ్గర ఇంగ్లీష్ అంటే స్కూల్లో ఏ మీడియం అనే గొడవే. 2019లో ఆంధ్రాలో ప్రభుత్వ బడుల్లో కింది తరగతులన్నీ ఇంగ్లీష్ మీడియం చేస్తూ జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు కూడా ఇంగ్లీష్‌లోనే! టీవీలో అరుచుకున్న వాళ్లలో ఎంతమంది చదివారో మరి. తెలుగువాడి దగ్గర డబ్బు తీసుకుని తెలుగులో పాలసీ ఎందుకివ్వరని మాత్రం ఒక్కరూ అడగరు. ఇచ్చేదాకా మనమే చదువుకోవాలి, వేరే దారి లేదు.

నాకు ఇప్పటికీ గలగలా మాట్లాడటం రాదు, కస్టమర్ ఇంగ్లీష్‌లో అడిగితే తెలుగులోనే చెప్తాను. చదవడం వచ్చింది, మాట్లాడటం కంటే అదే ముందు కావాలంటాను, ఎవరేమనుకున్నా సరే. కాబట్టి ఉదయం అయిదింటికి లేచే వీడియోలు చూడటం ఆపేసి మీ డబ్బు ఇరుక్కున్న కాగితం ఏదైనా తీయండి. లోన్ అగ్రిమెంటో, అద్దె అగ్రిమెంటో, ఏదైనా ఫర్వాలేదు. పాలసీ అయితే మొదటి పేజీలు వదిలేయండి, అవన్నీ సొంత డబ్బా. ఎక్స్‌క్లూజన్స్ అని, అంటే దేనికి డబ్బు ఇవ్వరో ఆ లిస్టు, ఉంటుంది చూడండి, అక్కడ మొదలుపెట్టండి.