కాకులు తరుముతుంటే డేగను కాపాడాలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వెనక పెద్ద వేప చెట్టుంది. పొద్దున పూట ఒక చిన్న డేగ వచ్చి కూర్చుంటుంది. వీపు బూడిద రంగు, ఛాతీ మీద సన్నటి ఇటుక రంగు అడ్డగీతలు, కాళ్లు పసుపు. అది వాలీ వాలకముందే కాకులన్నీ చుట్టుముట్టి పొడవడానికి వస్తాయి. చూడలేక మా బాబు రాళ్లు విసిరి కాకుల్ని తోలుతున్నాడు. ఆ డేగను ఎలా కాపాడాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు బాబు చేతిలోని రాళ్లు కింద పడేయించండి. గురి తప్పి ఒక్క రాయి ఆ డేగకు తగిలిందంటే, కాకులన్నీ కలిసి చేయలేని పని మనం చేసినట్టవుతుంది. మీ బాధ నాకు తెలుసు, పది కలిసి ఒక్కదాని మీద పడుతుంటే ఎవరి మనసైనా ఆ ఒంటరిదాని వైపే పోతుంది. కానీ కాకులు అక్కడ తమ పేటను కాచుకుంటున్నాయి, డేగకు కూడా ఇది రోజూ ఉండే తలనొప్పే తప్ప ప్రాణం మీదికి వచ్చే సంగతి కాదు.

మీరు రాసిన గుర్తులను బట్టి అది షిక్రా, జాలె డేగ అని కూడా అంటారు. నాలుగు పెద్ద చెట్లు, కాసిని తొండలు, ఉడతలు ఉంటే చాలు, ఊరైనా బస్తీ అయినా బతికేస్తుంది. పొడవు 26 నుంచి 30 సెంటీమీటర్లు, అంతే. మన ఊరకాకి 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువులోనూ సాధారణంగా కాకిదే పైచేయి. బల్లులు, తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు, పెద్ద మిడతలు దాని తిండి. ఎదిగిన కాకి జోలికి మామూలుగా పోదు. అయినా కాకులు ఊరుకోవు, ఎందుకంటే గూట్లో ఈకలు రాని పిల్లలకు డేగతో భయమే.

డేగ వేటంతా చాటు మీద నడుస్తుంది. ఆకుల మధ్య కదలకుండా కూర్చుని, ఏమరుపాటున ఉన్నదాని మీద ఒక్కసారిగా దూకాలి. కాకి గొంతెత్తిందా, ఆ చాటు పోయినట్టే. ఉడత తొర్రలో దూరుతుంది, పిచ్చుకలు ముళ్లకంపలో చొరబడతాయి, ఇక ఆ చెట్టు మీద ఎంతసేపు కూర్చున్నా తిండి దొరకదు కాబట్టి డేగే లేచిపోతుంది. కాకులకు కావాల్సింది కూడా అంతే. ఎండాకాలం నుంచి తొలకరి దాకా, గూళ్లలో పిల్లలున్న రోజుల్లో ఈ గోల బాగా పెరుగుతుంది. గూడు దాటిన పిల్ల కాకులు పెద్దవాటి పక్కన చేరి, ఎవరిని చూస్తే అరవాలో అప్పుడే నేర్చుకుంటాయి.

వడ్డేపల్లి చెరువు కట్ట మీద నేను చూసింది చెప్తాను. డేగ ఎండు కొమ్మ మీద తొండను కాళ్ల కింద అదిమిపెట్టి చీల్చుకు తింటోంది. ఒక కాకి ఎదురుగా, గోళ్లకు అందనంత దూరంలో కూర్చుని తల ఊపుతూ అరుస్తోంది. రెండో కాకి చప్పుడు లేకుండా కొమ్మ వెంట ఒక్కో అడుగు జరుగుతూ వెనక నుంచి వచ్చి తోక ఈక పట్టుకుని గుంజింది. డేగ గిర్రున తిరిగింది, ఆ తిరగడంలో పట్టు కాస్త సడలింది, ఎదురుగా ఉన్న కాకి తొండ కోసం ఒక్క గంతు వేసింది. అందలేదు, డేగ తొండతో సహా ఎగిరిపోయింది. గమనించండి, కాకి వెనక నుంచో పై నుంచో వస్తుంది, గోళ్లకు ఎదురుగా రాదు. డేగ బలమంతా కాళ్లలో ఉందని దానికి బాగా తెలుసు. గాలిలో తరుముతున్నప్పుడు కూడా డేగ ఒక్కసారి వెల్లకిలా తిరిగి గోళ్లు చూపించిందంటే కాకి పక్కకు తప్పుకోవాల్సిందే.

పైగా ఎప్పుడూ కాకులదే దాడి అనుకోవద్దు. ఎండాకాలంలో డేగలు కూడా అచ్చం కాకి గూడు లాంటి పుల్లల గూడు కట్టుకుని మూడు నాలుగు గుడ్లు పెడతాయి. కాకి గుడ్ల దొంగ కదా, ఆ చుట్టుపక్కలకు వస్తే డేగ జంట దాన్ని నిలవనివ్వదు. ఇక తోక చీలిన నల్లటి ఏట్రింత పిట్ట ఉందే, పిడికెడు ఉండదు గానీ కాకినీ తరుముతుంది, డేగనూ తరుముతుంది. గువ్వల్లాంటి పిట్టలు దాని గూటికి దగ్గర్లో గూడు పెట్టుకునేది ఆ ధైర్యం చూసుకునే. మీ బాబుకు రాళ్లకు బదులు ఒక నోటుబుక్కు ఇవ్వండి, ఏ నెలలో ఎవరు ఎవర్ని తరుముతున్నారో రాసుకోమనండి. నిజంగా ఆ పుస్తకం చదవాలని ఉంది నాకు.

ప్రశ్న: మా దగ్గర కాకులు తరిమే డేగకు ఒళ్లంతా గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇది ఏ రకం డేగ?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అది డేగ కాదండీ, ఆడ కోకిల. నల్లగా ఉండేది మగది, కూసేదీ అదే. కాకి గూట్లో గుడ్డు పెట్టాలంటే కాకి పక్కకు పోవాలి కాబట్టి మగ కోకిల కావాలని గూటి దగ్గరికి వచ్చి అరిచి కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంది, ఆ సందులో ఆడది పని కానిచ్చుకుంటుంది. ఈసారి ముక్కు చూడండి. డేగ ముక్కు కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది, కోకిలకు అంత వంపు ఉండదు.

ప్రశ్న: మా నాయిన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టినం. పక్కన చింతచెట్టు మీద డేగ కూర్చుంది. కాకులు అరుసుకుంటూ దాని చుట్టే తిరిగినయి గానీ కిందికి రాలేదు. చివరికి ఆవుకు పెట్టి వచ్చినం. నాయినకు ఏదో కోరిక మిగిలిందని అందరూ అంటున్నరు. అమ్మ అప్పటి నుంచి సరిగా తినడం లేదు.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడూ, అమ్మకు ఈ జవాబు చదివి వినిపించు. డేగ కళ్లముందు ఉన్నంతసేపు కాకులకు తిండి ధ్యాస ఉండదు. ఆ రోజు మీ విస్తరి పక్కన ఎవరి విస్తరి పెట్టినా అదే జరిగేది. పైగా కింద అంతమంది నిలబడి చూస్తుంటే కాకులు దిగడానికి జంకుతాయి కూడా. నాయినకు అలక లేదు, మీరు చేసిన దాంట్లో లోపం లేదు. మీ ఇంట్లో పద్ధతి ఉంటే పెత్రమాసకు మళ్లీ పెట్టుకోండి, పెట్టి నలుగురూ కాస్త దూరం జరగండి. అమ్మను మాత్రం అప్పటిదాకా ఆగనివ్వద్దు, ఈ పూటే పక్కన కూర్చోబెట్టుకుని తినిపించు.

ప్రశ్న: బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే ఒక కాకి నా తల మీదే తన్నిపోతోంది. మా ఆయన్ను ఏమీ అనదు. పగబట్టిందా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: గూడు దగ్గర్లోనే ఉండి ఉంటుంది, లేదా ఎగరడం రాని పిల్ల ఎక్కడో కింద కూర్చుని ఉంటుంది. ఎప్పుడైనా ఆ పిల్లను తీసి పక్కన పెట్టారా? కాకులు మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో మాస్కు పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలింది. తర్వాత ఆ మాస్కు కనబడితే చాలు, కాకులు ఏళ్ల తరబడి వెంటపడి అరిచాయి, అసలు పట్టుబడని కాకులు కూడా కలిశాయి. మీ విషయంలో అంత టెన్షన్ వద్దు, పిల్లలు బాగా ఎగిరే దాకా కొన్ని వారాలు గొడుగు పట్టుకుని వెళ్లండి, లేదా బట్టల పని మీ ఆయనకు అప్పగించండి.

ప్రశ్న: కాకుల గోల విని వెళ్తే గోడ మూల డేగ పడి ఉంది, రెక్క వాలిపోయింది. డబ్బాలో పెట్టాం. పాలు పట్టమంటారా? మేమే పెంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: పాలు అస్సలు వద్దు, నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. గాలి ఆడేలా చిల్లులు చేసిన అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, మూత పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. పిల్లలు ఫొటోల కోసం మాటిమాటికీ తెరవకుండా చూడండి. పట్టుకోవాల్సి వస్తే తువ్వాలు కప్పి రెండు చేతులతో పట్టుకోండి, కాళ్ల దగ్గర జాగ్రత్త. రెక్కకు గాలిపటం దారం చుట్టుకుందేమో చూడండి. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా ఇప్పటికీ చెట్లకు వేలాడుతూనే ఉంది. దారం ఉంటే గుంజొద్దు, ఒంట్లో దిగిన ముక్కను అలాగే ఉంచి వేలాడే దారాన్ని కత్తెరతో కోయండి. పెంచుకోవడం కుదరదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఆలస్యం చేయకుండా అటవీ శాఖ వాళ్లకు చెప్పండి, లేదంటే హంటర్ రోడ్డులో ఉన్న కాకతీయ జూ పార్కుకు వెళ్లి అడగండి. పెట్టె మీద అది దొరికిన చోటు, సమయం రాసి ఇవ్వండి. కోలుకున్నాక దాన్ని మళ్లీ అక్కడే వదలడానికి అది పనికొస్తుంది.