బోరు బండి వచ్చేముందు

బిడ్డా,

హైదరాబాదుల కొలువు ఇడిసిపెట్టి నర్మెట చెలకల బోరు ఏపిస్త అంటున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. రాత్రంత నిద్ర పట్టలె. తమ్ముని భూమి పడావు పడకుండ ఆడపిల్ల ముందుకొచ్చిందని గుండె నిండింది. బోరు అన్న మాటకు అదే గుండె దడదడ కొట్టుకున్నది. "పట్టా నా పేరు మీద ఉన్నది, నా భూమి కింది నీళ్ళకు సర్కారు పర్మిషన్ ఎందుకు పెద్దనాయినా" అని మెసేజ్ పెట్టినవ్ గదా, దానికే ఈ జవాబు.

ముందు కాయిదాల పని. 2002ల వచ్చిన వాల్టా, అంటె నీరు, భూమి, చెట్ల చట్టం, తెలంగాణ వచ్చినంక గూడ నడుస్తున్నది. కొత్త బోరుకు దరఖాస్తు పెట్టాలె, అనుమతి చేతికొచ్చినంకనే బండిని పిలవాలె. ఊరికి తాగునీళ్ళిచ్చే బోరుకు 250 మీటర్ల లోపల ఏసుడు కుదరదు. నీళ్ళు మరీ అడుగంటినయని ప్రకటించిన ఊర్లల్ల సాగు బోరుకు అనుమతి రాదు, మన ఊరు ఆ లెక్కల ఉన్నదో లేదో భూగర్భ జల శాఖోళ్ళనే అడుగు. ఆఫీసు చుట్టు తిప్పుతరు, కోపం వస్తది, ఓర్చుకో. రాత్రికి రాత్రి ఏసిపోతం, ఎవ్వలకు తెల్వది అనే బ్రోకరు ఒకడు తప్పక వస్తడు. వాని మాట ఇన్నవో, నాకు ముఖం చూపియ్యకు.

ఇగ ఫోన్‌ల చెప్పలేని సంగతి.

వాల్టా రాకముందు మూడు నాలుగేండ్ల కింద. మన గెట్టుకు ఆనుకొని కాకోళ్ళ బావి ఉండె. మోట కొట్టిన నాటి బావి, రాతికట్టుడు. నేను, మీ నాయిన ఈత నేర్చింది అండ్లనే. ఆ ఎండకాలం నా మిరపతోట వాడుతుంటె పానం ఆగలె. కొబ్బరికాయతోని నీళ్ళు చూసేటాయన గెట్టుకు పది అడుగుల దూరంల పాయింటు పెట్టిండు. "అన్నా, ఒక్క మాట కాకను అడుగు" అన్నడు మీ నాయిన. అడిగితె వద్దంటడని అడగలె. మూడు వందల ఫీట్ల కాడ రెండించుల నీళ్ళు పడ్డయి. బురద నీళ్ళు ఎగజిమ్ముతుంటె పోరగాండ్లంత తడిసిన్రు. ఇంట్ల పండుగ చేసుకున్నం.

నెల తిరగంగనే కాక బావిల అడుగు తేలింది. ఆయన కొట్లాడలె. పొద్దుగాల వచ్చి మా ఇంటి ముందట గద్దె మీద కూసొని, "కొడుకా, ఒక పూట నువ్వు, ఒక పూట నేను పారిచ్చుకుందమా" అని అడిగిండు. "నా పట్టా భూమిల నేను ఏసుకున్న. నీళ్ళ మీద నీ పేరు రాసున్నదా?" అన్న. ఆయన తువ్వాల భుజం మీదేసుకొని లేచిపోయిండు. నీ మెసేజ్ చదవంగనే నా చెయ్యి ఎందుకు వణికిందో ఇప్పుడన్న ఎరుకైందా బిడ్డా?

మనది రాతినేల. పైన మొరం, కింద బండ, ఆ బండ పగుళ్ళల్లనే నీళ్ళు. ఆ పగులు మన చెలక కాడ మొదలై మన చెలక కాడ ఆగదు. నేను ఇటు గుంజితె ఆయనకు అటు ఎండింది. ఆ ఏడే కాకోళ్ళు మహారాష్ట్రల ఉన్న భీవండికి బతకపోయిన్రు. కాక అక్కడనే పాణం ఇడిసిండు. సావుకు పోలె నేను, ఏ మొకంతోని పోదును? నా బోరు రెండు ఎండకాలాలే పోసింది. మల్ల మూడు ఏసిన, రెండు ఫెయిల్. మీ పెద్దమ్మ గుండ్లపేరు వాటికే పోయింది.

నీ ప్రశ్న తప్పంటలేను. ఇంగ్లీషోళ్ళు 1882ల రాసిన ఈజ్‌మెంట్ల చట్టం గూడ నీ లెక్కనే మాట్లాడుతది: భూమి కింద ఒక కాలువలెక్క పారని నీళ్ళను పట్టాదారు తన హద్దుల లోపల తోడుకోవచ్చు. కేరళ ప్లాచిమడల కూల్‌డ్రింకుల కంపెనీ మీద కేసు నడిస్తె, 2003ల హైకోర్టు జడ్జి భూగర్భ జలం అందరిది, సర్కారు కాపలాదారు అన్నడు. 2005ల అదే కోర్టుల ఇద్దరు జడ్జిలు దాన్ని కొట్టేసి, భూమి గలోళ్ళకు హక్కున్నది అన్నరు. అంత చదివినోళ్ళకే ఒక్క తీరుగ తోచలె. నాకు తోచింది చెప్త. ఆ ఎండకాలం ఎవలన్న సర్కారు మనిషి వచ్చి "ఆగు, పక్కన బావి ఉన్నది" అని ఉంటె, తిట్టుకుంటనే ఆగిపోదును. కాక ఊర్లెనే ఉండేటోడు. అందుకే ఆ దరఖాస్తు కాయిదాన్ని చిన్నచూపు చూడకు.

బోరు ఫెయిలైతె బండి కదలకముందే పూడ్చిపియ్యి. ఇది నా కండ్ల ముందట చెయ్యాలె. పిల్లలు పడిపోతున్నరు, పూడ్చాల్సిందే అని 2010ల సుప్రీంకోర్టు గూడ చెప్పింది. నా ఫెయిలైన బోరు మీద ఉత్త బండ పెట్టి ఊకున్న. మేకలు కాసే పోరగాడు రోజు ఆ బండ మీదనే కూసొని సద్ది తింటుండని తెలిసిన నాడు నాకు జెరమొచ్చింది.

రెండించులు పడ్డయని వరి పెట్టకు. డ్రిప్పు ఏసి కూరగాయలు పెట్టు. 2018ల సాగుకు 24 గంటల కరెంటు మొదలుపెట్టిన్రు, ఐనా కరెంటు రాంగనే మోటరును తనంతట తానే నడిపిచ్చే ఆటో స్టార్టర్ జోలికి పోకు. మోటరు పైసలు నేనిస్త, మీ అమ్మను అడగకు.

కాక కొడుకు భీవండిలనే ఉన్నడు. గెట్టు అవతల రెండెకరాలు ఇంక ఆయన పేరు మీదనే ఉన్నయి. నంబరు పంపిస్తున్న. దరఖాస్తు పెట్టకముందే ఫోన్ చేసి, ఎక్కడ ఏస్తున్నవో, ఎంత లోతు పోతున్నవో చెప్పు, ఆయనేమంటడో ఇను. ఎవల బిడ్డవని అడుగుతడు. మీ నాయిన పేరు చెప్పు. నేను పక్కనే ఉన్నని గూడ చెప్పు. మాట్లాడుత అంటె ఫోన్ నాకియ్యి.

నీ పెద్దనాయిన