నెల్లూరు నుంచి డాలస్‌కి విమానంలో ఎంత దూరం, ఎన్ని గంటలు?

అమ్మానాన్నలను నెల్లూరు నుంచి డాలస్ పంపాలి, మొత్తం ఎంతసేపు పడుతుందని అడిగారు. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి డాలస్ ఎయిర్‌పోర్టు బయటికి వచ్చేదాకా 32 గంటలకు తక్కువ వేసుకోకండి.

నెట్‌లో కనిపించే 16, 17 గంటల లెక్క మీకు పనికిరాదు. మీరు విమానం ఎక్కేది చెన్నైలో. చెన్నై-డాలస్ నేరు దూరం దాదాపు 14,900 కి.మీ.; దాన్ని గంటకు 900 కి.మీ. వేగంతో భాగిస్తే వచ్చేది ఆ అంకె. రెండు ఊళ్ళూ భూగోళానికి ఇంచుమించు చెరో పక్కన ఉన్నాయి కాబట్టి ఆ నేరు గీత ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోతుంది. ఆ దారిన మద్రాసు నుంచి డైరెక్టు విమానం లేదు. దోహా మీదుగా అయితే 3,300, ఆపైన 12,750, మొత్తం 16,000 కి.మీ. పైచిలుకు. మొదటి విమానం ఐదు గంటల లోపు, రెండోది సుమారు 16 గంటలు. లండన్ మీదుగా అయితే 11, 10 గంటలుగా రెండు ముక్కలవుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు నేను ఇదే మంచిదంటాను. ఏ దారైనా రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద ఉండాలి. విడివిడి టికెట్లు కొంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి ఎవరూ పూచీ ఉండరు. వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడగండి.

టికెట్ మీద టైములన్నీ ఆయా ఊళ్ళ టైములే. తెల్లవారుజామున 4కి చెన్నైలో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతారని ఉంటే పన్నెండున్నర గంటలు కాదు. డాలస్ టైము మనకన్నా వెనక కాబట్టి, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా దానికి పదిన్నర కలపాలి, అంటే 23 గంటలు. మిగతా నెలల్లో కలపాల్సింది పదకొండున్నర. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి రెండిట్లో పొడవాటి ప్రయాణం గంటకు పైగా తగ్గుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది తేదీ దగ్గర. 12వ తేదీ తెల్లవారుజామున 4 గంటల విమానమంటే, 11 రాత్రి 8కే నెల్లూరులో బయల్దేరాలి. రోడ్డు 175 కి.మీ. పైనే. తడ దాకా సాఫీగా పోతారు, గుమ్మిడిపూండి దాటాక లారీలతో నెమ్మదిస్తుంది. రెడ్‌హిల్స్ తర్వాత పుళల్ దగ్గర బైపాస్ ఎక్కితే ఊళ్ళోకి పోకుండా మదురవాయల్, పోరూరు వైపు దిగొచ్చు. నాలుగున్నర గంటలు పెట్టుకోండి. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. బయల్దేరడానికి గంట ముందు కౌంటర్ మూసేస్తారు. టాక్సీ మాట్లాడేటప్పుడే ఆలిండియా పర్మిట్ ఉందా అని అడగండి, లేకపోతే తమిళనాడు పర్మిట్ కోసం బోర్డర్లో ఆగాలి. పగటి విమానమైతే రైల్లో చెన్నై సెంట్రల్‌కి పోయి, అక్కణ్ణుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి మెట్రో ఎక్కొచ్చు. అర్ధరాత్రి మెట్రో ఉండదు.

నవంబరు, డిసెంబరు ప్రయాణమైతే ఈ లెక్కలు చాలవు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. కావలి, ఒంగోలు వాళ్ళకు మద్రాసు దారే లేకపోయింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపానుకు చెన్నై రన్‌వే మునిగి ఎయిర్‌పోర్టే మర్నాటి దాకా మూతపడింది. ఆ రెండు నెలల్లో వాయుగుండం కబురు వినిపిస్తే, ఒకరోజు ముందే వెళ్ళి ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాకం దగ్గర రూము తీసుకోండి. విమానం నడుస్తుందో లేదో ఇంట్లోంచి కదలకముందే చూసుకోండి.