ముప్పావు గంట ప్రార్థన, మూడేళ్ల పాప

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మేము తిరుపతి కొర్లగుంటలో అద్దెకు ఉంటున్నాము. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు నిండాయి. మా వారు బట్టల దుకాణంలో పని ముగించుకొని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరుతారు. భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకు కుటుంబ ప్రార్థన మొదలవుతుంది. రెండు కీర్తనలు, ఒక అధ్యాయం, ఆయన ప్రార్థన, ఆ తరువాత మా అత్తగారి ప్రార్థన ముగిసేసరికి పది దాటిపోతుంది. పాప నా ఒడిలోనే నిద్రపోతుంది. బాబు చాప అంచు పుల్లలు ఒక్కొక్కటే పీకి వరుసగా పేరుస్తూ కూర్చుంటాడు. ఆయన అది చూసి తొడపాశం పెడతారు. పోయిన వారం వాడు "నాకు యేసయ్య వద్దు, నాన్న గిల్లుతాడు" అన్నాడు. మా అత్తగారు ఇంట్లోకి సాతాను దూరాడని ఏడ్చారు. మా వారు బెత్తం వాడనివాడు తన కుమారునికి విరోధి అనే వాక్యాన్ని బైబిలులోని సామెతల గ్రంథం నుంచి చదివి వినిపించారు. వీళ్లిద్దరి మధ్య నేనేమి చెప్పాలో తోచడం లేదు.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అన్న మాటలో రెండు ముక్కలున్నాయి. ఇంట్లో అందరూ మొదటి ముక్క విని భయపడ్డారు. నేను రెండో ముక్క దగ్గర ఆగిపోయాను. వాడు వద్దనడమే కాక, ఎందుకు వద్దో కూడా చెప్పాడు. కళ్లు మూసుకోగానే తొడ మీద ఎప్పుడు నొప్పి పడుతుందో తెలియక బిగుసుకొని కూర్చునే పిల్లవాడికి ప్రార్థన మీద ప్రీతి కలగడం లేదంటే, దానికి సాతానును వెతకవలసిన పని లేదు.

ముందు వేళ సంగతి చూద్దాము. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరేళ్ల వాడికైనా తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా ఉండాలి. పది దాటాక పడుకొని, బడి వ్యాను కోసం ఆరింటికే లేచే పిల్లవాడి లెక్క మీరే వేసి చూడండి. పాప ఒడిలో నిద్రపోవడం భక్తిలేనితనమూ కాదు, బాబు పుల్లలు పీకడం తిరుగుబాటూ కాదు. ఒకరికి నిద్ర వేళ దాటింది, రెండోవాడు నిద్ర ఆపుకోవడానికి చేతులకు పని కల్పించుకున్నాడు.

కాబట్టి పిల్లల ప్రార్థనను పెద్దల ప్రార్థన నుంచి వేరు చేయండి. రాత్రి ఏడున్నరకు పిల్లల భోజనం అయిన వెంటనే మీరు, మీ అత్తగారు, పిల్లలు కలిసి పది నిమిషాలు కూర్చుంటే చాలు. మీ వారు వచ్చాక పెద్దలు ముగ్గురూ గంటసేపు ప్రార్థించుకున్నా అడిగేవారు లేరు. ఇలా చేస్తే ఇంటి యజమానిగా తన బాధ్యత తగ్గిపోతుందని ఆయనకు అనిపించవచ్చు. అందుకని ఉదయపు ప్రార్థన ఆయనకే వదిలిపెట్టండి. బాబు సంచి తగిలించుకొని గుమ్మంలో నిలబడినప్పుడు తలమీద చెయ్యి ఉంచి నాలుగు మాటలు ప్రార్థించి పంపితే, గిల్లిన చెయ్యే దీవించే చెయ్యి అయిందని వాడికి ఎవరూ వివరించనవసరం లేదు.

ఇది సోమరులు కనిపెట్టిన దగ్గరిదారి అని మీ అత్తగారు అనుకోకుండా మరొక సంగతి చెబుతాను. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మన తిరుపతే కేంద్రం కనుక లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ పేరు ఇక్కడివారికి కొత్త కాదు. ఆయన 1529లో ఇంటి యజమానులు తమ ఇంటివారికి నేర్పుకోవడం కోసం చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. అందులో రాత్రి పడకకు వెళ్లేటప్పుడు చేయవలసినవి విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, ఒక చిన్న ప్రార్థన మాత్రమే. ఆ తరువాత ఆలస్యం చేయకుండా సంతోషంగా నిద్రపొమ్మని రాశాడు. మీ ఇంటి చాప మీద తగ్గింది ఆ సంతోషమే.

పది నిమిషాల్లో ఏమి చేయాలని అడుగుతారేమో. ఒక పాట, చేతులు కదిలించేది అయితే మరీ మంచిది. అధ్యాయం మొత్తం చదవవద్దు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు, అది ఒక్కటే వారం రోజులు చదవవచ్చు. తరువాత మీ అత్తగారిని ఒక కథ చెప్పమనండి, అదీ చదివి కాదు, తన నోటి మాటల్లో. మన బైబిలు భాష పెద్దలకు తియ్యగా ఉంటుంది గానీ పిల్లలకు సగం అందదు. నేను సండే స్కూల్‌లో చెప్పే రోజుల్లో ఒక పాప 23వ కీర్తన తడబడకుండా అప్పజెప్పి బహుమతి పెన్సిలు గెలుచుకుంది. "లేమి అంటే ఏంటి బంగారూ?" అని అడిగితే, "తినేది, మా అమ్మ కూడా పెట్టదు" అన్నది. కంఠత పట్టించి మార్కులు వేసినందుకు ఆరోజు నాకే సిగ్గేసింది.

ఇక బాబు చేతుల సంగతి. ఆ చేతులను కట్టిపెట్టవద్దు, వాటికి పని ఇవ్వండి. ఒక గిన్నెలో గుప్పెడు చింతగింజలు పోసి వాడి ముందు పెట్టండి. ఎవరికోసం ప్రార్థించాలో ఒక్కొక్క పేరు చెబుతూ ఒక్కొక్క గింజ చాప మీద పెట్టమనండి: అవ్వ మోకాలి నొప్పికి ఒకటి, కొత్తగా చేరిన టీచరుకు ఒకటి, ఈనబోతున్న వీధి కుక్కకు ఒకటి. కుక్క పేరు వచ్చినప్పుడు ఎవరూ నవ్వకూడదు, వద్దనకూడదు. అన్ని గింజలూ పేర్చాక ఆ వరుసను చూస్తూ "ఆమేన్" అనడం వాడి వంతు. పాప మొదటి నాలుగు రోజులు గింజలు చెల్లాచెదురు చేస్తుంది, నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకొని ఉండండి.

బెత్తం వాక్యం గురించి. సామెతలు 13:24 చదివిన మీ వారిని కొలొస్సయులకు 3:21, ఎఫెసీయులకు 6:4 కూడా చదవమనండి. ఆ రెండూ తండ్రులను పేరుపెట్టి పిలిచి, పిల్లలకు కోపం పుట్టించవద్దని చెప్పినవే. పిల్లలను దగ్గరకు రానివ్వని సందర్భంలో యేసు కోపపడ్డాడని మార్కు 10:14లో ఉంది. కోపపడింది పిల్లల మీద కాదు, అడ్డుకున్న పెద్దల మీద. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చి 2010 నుంచి బడిలో ఉపాధ్యాయులే పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదన్నప్పుడు, ప్రార్థన చాప మీద గిల్లుడు ఎలా నిలుస్తుంది? అబద్ధానికీ, చెల్లెలిని కొట్టినందుకూ మందలింపు ఉండవలసిందే, దానిని నేను కాదనను. అయితే ఆ మందలింపు ప్రార్థన వేళకు ముందో తరువాతో జరగాలి. ఇంకొక మాట, మీ వారు ఒప్పుకుంటేనే సుమా: "గిల్లడం నాన్న తప్పు" అని ఆయనే వాడితో ఒక్కసారి చెప్పాలి. తండ్రి తప్పు ఒప్పుకోవడం చూడని పిల్లవాడికి పాపపు ఒప్పుకోలు అనే మాట బోధించడం కష్టం.

ప్రశ్న: పక్కింటి అక్కవాళ్లు కొండకు వెళ్లి వచ్చినప్పుడల్లా లడ్డు తెచ్చి ఇస్తారు. నేను నవ్వుతూ తీసుకొని, వాళ్లు వెళ్లాక పనిమనిషికి ఇచ్చేస్తాను. ఐదేళ్ల మా అమ్మాయి చూసి "ఎందుకు దాస్తున్నావు?" అని అడిగింది. గంగజాతరకు వీధి పిల్లలంతా వేషాలు వేసుకుంటే తనకూ కావాలని ఏడ్చింది కూడా.
– తిరుపతి నుంచి మరొక సోదరి

జవాబు: తిరుపతిలో ఉంటూ లడ్డు మన గడప తొక్కకుండా ఉండడం జరిగే పని కాదు. విగ్రహాలకు అర్పించినవాటిని తినే విషయమై పౌలు 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాల్లో వివరంగా రాశాడు. భోజనానికి పిలిస్తే ఏమీ విచారించకుండా తినమన్నాడు, ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని నిమిత్తం మానుకొమ్మన్నాడు. ఈ వాక్యాలను ఆధారం చేసుకొనే మన సంఘాల్లో ఎక్కువ మంది ప్రసాదం ముట్టరు. మీరూ మానుకోండి, కానీ దొంగచాటుగా కాదు. ఎందుకంటే మీ అమ్మాయి అడిగింది లడ్డు గురించి కాదు, దాచడం గురించి.

వచ్చేసారి గుమ్మంలోనే, పాప వింటుండగా, "అక్కా, మేము ప్రసాదం తినము, ఏమీ అనుకోవద్దు; మీ ఇంట్లో వండిన అన్నం పెడితే ఎప్పుడైనా వచ్చి తింటాము" అని చెప్పండి. చెప్పినట్టు ఒక పూట వెళ్లి తినండి కూడా. క్రిస్మస్‌కు కజ్జికాయలు, మురుకులు పళ్లెం నిండా పెట్టి ముందుగా ఆ ఇంటికే పంపండి. పాపతో మాత్రం "మన ఇంట్లో ఇలా చేస్తాము" అన్నంతవరకే చెప్పాలి. వాళ్లు చేసేది చెడ్డదనో, వాళ్లు నరకానికి పోతారనో ఐదేళ్ల పిల్ల నోట పలికిందంటే, అది మన ఇంట్లో విన్న మాటేనని అందరికీ తెలిసిపోతుంది.

జాతర సంగతి తేలిక. మే నెలలో ఆ వారం రోజులూ రోజుకొక వేషం, బైరాగి, బండ, తోటి, దొర అంటూ వీధులన్నీ రంగులతో నిండిపోతుంటే, గడప దగ్గర నిలబడిన పిల్లకు మనసు లాగకుండా ఎలా ఉంటుంది? అది జాతరలో జరిగే మొక్కు కనుక మన ఇంట్లో వేయము అని చెప్పి, అదే సాయంకాలం పాత దుప్పటి తలకు చుట్టి, చేతికి కర్ర ఇచ్చి దానిని బేత్లెహేము గొల్లవాడిని చేయండి. గొల్లవాడి కోసం డిసెంబరు దాకా ఆగాలన్న నియమం ఎక్కడా లేదు.

ప్రశ్న: నా భర్త బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రి వస్తారు. మిగిలిన రోజుల్లో మగవాడు కనుక ఎనిమిదేళ్ల మా అబ్బాయే ప్రార్థన నడిపించాలని మా బంధువులు అంటున్నారు. వాడికి భయం. ఏమి చేయాలి?
– చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరే నడిపించండి. పౌలు శిష్యుడైన తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని, తల్లి మాత్రం విశ్వాసి అని అపొస్తలుల కార్యములు 16:1 చెబుతుంది. తిమోతిలో ఉన్న విశ్వాసం ముందు ఎవరిలో ఉండెనో 2 తిమోతి 1:5లో పౌలు పేర్లతో సహా రాశాడు, అవ్వ లోయి, తల్లి యునీకే. (మన తెలుగు బైబిలులోనూ ఆమెను అవ్వ అనే రాశారు, చిత్తూరులో మనం పిలిచినట్టే.) ఎనిమిదేళ్ల వాడికి పాట ఎంచుకొనే పని ఇవ్వండి, అంతకు మించి బరువు వద్దు. మీ వారిని రోజూ ప్రార్థన వేళకు ఫోను చేసి, స్పీకరులో పరలోక ప్రార్థన మీతో కలిసి చెప్పమనండి. బస్సులో ఉన్నా సరే, చుట్టూ హారన్ల మోత వినిపించినా సరే.