క్యాసినోలో కూర్చోకుండా వేగాస్ చూసొచ్చేదెలా?

ప్రశ్న: నాకు 61, మావారికి 66. కూకట్‌పల్లిలో ఉంటాం. డిసెంబర్‌లో ఫీనిక్స్‌లో ఉన్న మా పెద్దబ్బాయి దగ్గరికెళ్తున్నాం, వాడేమో కార్లో నాలుగు రోజులు లాస్ వేగాస్ తీసుకెళ్తానంటున్నాడు. ఆ ఊరి పేరు వింటేనే నాకు గుండె దడ. మావారు రిటైరయ్యాక క్లబ్బులో రమ్మీకి అలవాటు పడ్డారమ్మా, ముక్కలు చేతికొస్తే భోజనానికి కూడా లేవరు. నాకు మోకాళ్ళ నొప్పులు, మాంసం గుడ్డు ముట్టను, మనవడికి పన్నెండేళ్ళు. జూదం కాకుండా అక్కడ నిజంగా ఏమన్నా ఉందా, లేక గ్రాండ్ కాన్యన్ ఒక్కటి చూసి వెనక్కొచ్చేద్దామా?

జవాబు: పిన్నిగారూ, మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి, మీ జబ్బుకి మందు మీ ఉత్తరంలోనే ఉంది, మీ మనవడు. అక్కడ 21 ఏళ్ళు నిండనివాళ్ళు క్యాసినో ఫ్లోర్ మీంచి నడిచి వెళ్ళొచ్చు గానీ ఆగకూడదు, మెషిన్ పక్కన నిలబడ్డారంటే సెక్యూరిటీ వాళ్ళు వచ్చి కదలమంటారు. అందుకని పిల్లాడి చెయ్యి తీసుకెళ్ళి బాబాయిగారి చేతిలో పెట్టేయండి. వేరే కాపలా అక్కర్లేదు.

నిజానికి ఆ కాపలా కాస్త అవసరమే, ఎందుకంటే అక్కడ పెద్ద హోటళ్ళ కట్టుబడే అలా ఉంటుంది, లిఫ్టుకెళ్ళాలన్నా కాఫీకెళ్ళాలన్నా బాత్రూముకెళ్ళాలన్నా దారి క్యాసినో మధ్యలోంచే, గోడకి గడియారం కనపడదు, కిటికీ ఉండదు, టైము పొద్దున పదో రాత్రి పదో తెలీదు. ఎయిర్‌పోర్ట్‌లో కూడా స్లాట్ మెషిన్లు పెట్టారంటే చూడండి. నేను రెండుసార్లు వెళ్ళా, ఒక్క డాలర్ కూడా వెయ్యలేదు, రెండుసార్లూ రోజులు చాల్లేదు.

ముందు గ్రాండ్ కాన్యన్ సంగతి. దానికి వేగాస్ నుంచి వెళ్ళొద్దు, సౌత్ రిమ్‌కి, అంటే కాన్యన్ దక్షిణపు అంచుకి, మీ అబ్బాయి ఇంటి నుంచే మూడున్నర గంటలు, వేగాస్ నుంచైతే నాలుగున్నర, ఇంకోవారం విడిగా పెట్టుకోండి, అది ఏడు వేల అడుగుల ఎత్తు కాబట్టి డిసెంబర్‌లో మంచు పడుతుంది, స్వెట్టర్ కాదు మంచి కోటు కావాలి. గాజు పలక మీద నడిచే స్కైవాక్ ఉందే, 2007లో కట్టారు, అది వెస్ట్ రిమ్‌లో ఉంది, అదేమో వాలపాయ్ అనే అక్కడి ఆదివాసీ తెగ వాళ్ళ సొంత భూమి, నేషనల్ పార్క్ పాస్ అక్కడ చెల్లదు, టికెట్ వేరేగా కొనాలి. ఆ పాస్ చూపిస్తే చాలనుకుని గేటు దాకా వెళ్ళేవాళ్ళు మనవాళ్ళలో బోలెడుమంది.

ఫీనిక్స్ నుంచి వేగాస్‌కి కార్లో సుమారు ఐదు గంటలు, ఇంకో ముప్పై మైళ్ళు ఉందనగా హూవర్ డ్యామ్ వస్తుంది, అది మాత్రం వదలొద్దు. సాగర్ డ్యామ్ చూసే ఉంటారుగా, దాని ఎత్తు 124 మీటర్లు, ఇది 221. మనది రాతి కట్టడం, ఇదంతా కాంక్రీటు, 1931లో మొదలెట్టి ఐదేళ్ళలో ముగించేశారు. బాబాయిగారు ఇంజినీరింగ్ మనిషైతే ఇక్కడే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. అంత కాంక్రీటు ఒకేసారి పోస్తే అది చల్లారడానికి వందేళ్ళ పైనే పడుతుందట, అందుకని దిమ్మెలు దిమ్మెలుగా పోసి, లోపల వందల మైళ్ళ పైపులు పరిచి చన్నీళ్ళు తిప్పి చల్లార్చారు. డ్యామ్ వెనక ఉన్న జలాశయం లేక్ మీడ్, దాని కొండల చుట్టూ తెల్లటి చార కనపడుతుంది, ఒకప్పుడు నీళ్ళు అక్కడిదాకా ఉండేవి. ఇంకో తమాషా, డ్యామ్ సగం అరిజోనాలో సగం నెవాడాలో, చలికాలంలో ఆ రెండిటికీ గంట తేడా, దాటగానే మీ గడియారం గంట వెనక్కి పెట్టుకోవాలి. మనవడికి ఇది బాగా నచ్చుతుంది.

ఊళ్ళోకొచ్చాక మోకాళ్ళ సంగతి జాగ్రత్త. హోటళ్ళున్న స్ట్రిప్ రోడ్డు నాలుగు మైళ్ళ పైనే, "అదిగో ఎదురుగానే ఉంది" అనిపించే హోటల్‌కి నడిస్తే ఇరవై నిమిషాలు, అందుకని డ్యూస్ అని రాత్రీపగలూ తిరిగే డబుల్ డెక్కర్ బస్సు ఉంది, అదెక్కండి, రోడ్డు దాటే వంతెనలకి ఎస్కలేటర్లూ లిఫ్టులూ ఉంటాయి. మొహమాటం లేకపోతే వీల్‌చెయిర్ అద్దెకి తీసుకోండి, అక్కడెవరూ వింతగా చూడరు.

సాయంత్రం బెల్లాజియో ముందు ఫౌంటెన్లు. ఎనిమిదెకరాల చెరువు, చీకటి పడ్డాక పావుగంటకోసారి, అర్ధరాత్రి దాకా, పైసా ఖర్చు లేదు. లుంబినీ పార్కులో చూశాంలే అనుకోకండి, ఒక్కసారి నీళ్ళు లేచినప్పుడు ఫిరంగి పేలినట్టు ఆ చప్పుడు ఛాతీలో తగుల్తుంది. గాలెక్కువుంటే ఆపేస్తారు, అందుకని చివరి రోజుకి వాయిదా వెయ్యొద్దు. ఆ హోటల్ లాబీలోనే కప్పుకి డేల్ చిహూలీ అనే గాజు శిల్పి చేసిన రెండు వేల గాజుపూలు, పక్కన పూలతో కట్టిన పెద్ద తోట, కాలానికోసారి మొత్తం మార్చేస్తారు, డిసెంబర్‌లో క్రిస్మస్ అలంకరణ. ఇదీ ఫ్రీయే.

అక్కణ్ణుంచి పక్కనే సీజర్స్ ప్యాలెస్ బయట రోడ్డు వైపు చూడండి, నాలుగు ముఖాల బ్రహ్మదేవుడు! బ్యాంకాక్‌లో ఉన్న ఎరవాన్ బ్రహ్మకి నకలు, 1984లో పెట్టారు. మన దగ్గర బ్రహ్మ గుడి అంటే గుంటూరు దగ్గర చేబ్రోలు వెతుక్కుంటూ వెళ్ళాలి, ఇక్కడేమో జూదశాల గుమ్మంలో కూర్చున్నాడు మహానుభావుడు. నేను వెళ్ళినప్పుడు ఎవరో రెండు కమలాపళ్ళూ బంతిపూల దండా పెట్టి, అగరొత్తులు వెలిగించి, చెప్పులు విప్పి మొక్కి, తిన్నగా లోపల స్లాట్ మెషిన్ల వైపు వెళ్ళిపోయారు.

వెనీషియన్ హోటల్ లోపల కాలవ, పడవలు, మధ్యాహ్నం మబ్బుల ఆకాశం పెయింటింగ్. చూడ్డం వరకు సరే, పడవెక్కడం నా దృష్టిలో దండగ, రామోజీ ఫిల్మ్ సిటీ తిరిగినవాళ్ళకి ఇంకా దండగ. ఆ డబ్బుతో మనవణ్ణి స్ఫియర్‌కి తీసుకెళ్ళండి, 2023లో తెరిచారు, 366 అడుగుల గుండ్రటి బిల్డింగ్, బయట మొత్తం తెరే, ఒక్కోసారి కన్ను తెరిచి మీకేసే చూస్తుంది. బయటనుంచి ఉచితం, లోపల షోకి టికెట్. పై వరసలు బాగా నిటారుగా ఉంటాయి, మీ మోకాళ్ళకి కింద సీట్లే తీసుకోమనండి. మిరాజ్ హోటల్ ముందు అగ్నిపర్వతం పేలుతుందని పాత వీడియోలు చూపిస్తారు, నమ్మకండి, ఆ హోటల్ 2024 జులైలోనే మూసేశారు.

బాబాయిగారి కోసం డౌన్‌టౌన్‌లో మాబ్ మ్యూజియం, పాత కోర్టు బిల్డింగ్‌లో, ఈ ఊరిని మాఫియా ఎలా నడిపిందో అంతా ఉంటుంది. పేకాట వెనక లెక్కలెవరివో చూస్తే ఆయనకే తిక్క కుదరొచ్చు, కుదరకపోనూవచ్చు. ఈకల కిరీటాలు పెట్టుకున్న అమ్మాయిలు ఫొటో దిగుదాం రండి అని నవ్వుతారు, దిగితే డబ్బులడుగుతారు, తల అడ్డంగా ఊపి వచ్చేయండి.

ఒక పగలు రెడ్ రాక్ కాన్యన్‌కి, ఊరికి పదిహేడు మైళ్ళు, పదమూడు మైళ్ళ రోడ్డు చుట్టూ ఎర్రటి కొండలు, కారు దిగకపోయినా కళ్ళ నిండా కనిపిస్తాయి. అక్టోబర్ నుంచి మే దాకా టైము స్లాట్ ముందే బుక్ చెయ్యాలి, అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. నాకైతే ఊరి లైట్లన్నీ ఒకెత్తు, సాయంత్రం నాలుగింటికి ఆ కొండల మీద పడే ఎండ ఒకెత్తు.

తిండి. మెక్సికన్ హోటల్లో బీన్స్ శాకాహారమే కదా అనుకోకండి, కొన్నిచోట్ల పంది కొవ్వు వేసి వండుతారు, అడిగి తినండి. రూములో ఫ్రిజ్ ఉంటే తలుపు తీసేముందు కాగితం చదవండి, నేను పెరుగు డబ్బా పెట్టుకుందామని ఒక నీళ్ళ సీసా అటు జరిపా అంతే, కింద సెన్సర్ ఉందట, తాగని నీళ్ళకి బిల్లు పడింది, రిసెప్షన్‌లో అరగంట వాదించి తీయించుకున్నా. రూము రేటు మీద రిసార్ట్ ఫీజని రోజుకింత వేరే వేస్తారు, బుక్ చేసేటప్పుడు మొత్తం లెక్క చూడమనండి.

ప్రశ్న: అక్కా, నేను గచ్చిబౌలిలో జాబ్ చేస్తా. మా టీమ్ ఆరుగురం గోవా పోతున్నం, ఒక నైట్ పణజిలో క్యాసినో బోటు అని ఫిక్సయిండ్రు. నాకు ఇంట్రెస్ట్ లేదు, రానంటే బోర్ గాడంటున్నరు. ఆ నైట్ ఒక్కణ్ణి ఏం చెయ్యాలె?

జవాబు: తమ్ముడూ, వాళ్ళు బోటెక్కే టైముకి నువ్వు ఫాంటైన్యాస్ గల్లీల్లో ఉండు, పోర్చుగీసు కాలం నాటి పసుపు నీలం ఇళ్ళు, చీకటి పడే ముందు చూడాలి. తర్వాత ఏదన్నా చిన్న హోటల్లో చేప కూర, చివర్లో పొరలు పొరలుగా ఉండే గోవా స్వీటు బెబింకా, ఆ తర్వాత మీరామార్ బీచ్‌లో నడక. తొందరగా పడుకుని పొద్దున్నే వాళ్ళు లేవకముందే ఫెర్రీలో దివార్ దీవికి వెళ్ళిరా, బండి కూడా ఎక్కించుకుంటారు. టైముంటే ఓల్డ్ గోవాలో బామ్ జీసస్ చర్చి, ఫోండా వైపు మంగేషి గుడి. బోటు ఎంట్రీ టికెట్ డబ్బుల్లో ఇవన్నీ అయిపోయి ఇంకా మిగుల్తాయి. మిగిలినవి మాత్రం చేతిలో పెట్టుకో, పొద్దున ఆ ఐదుగుర్లో ఎవడో ఒకడు అప్పడుగుతాడు.

ప్రశ్న: హాంకాంగ్‌లో ఐదు రోజులుంటాం. ఒక్క రోజు మకావు వెళ్తే క్యాసినోలు తప్ప ఏమీ ఉండవంటున్నారు, నిజమేనా? — సికింద్రాబాద్ పాఠకురాలు

జవాబు: కాదండీ. 2018లో తెరిచిన సముద్రం మీది వంతెన బస్సులో పొద్దున్నే వెళ్ళండి. సెయింట్ పాల్ చర్చి 1835లో కాలిపోయి ముందుగోడ ఒక్కటే మిగిలింది, మెట్లెక్కి వెనక్కెళ్ళి చూస్తే ఖాళీ ఆకాశమే. ఊరికి ఆ పేరు తెచ్చిన ఆ-మా అమ్మవారి గుడి కూడా చూడండి, పైనుంచి వేలాడే చుట్టల అగరొత్తులుంటాయి, వాటి కింద నిలబడకండి, బూడిద రాలుతుంది. పాత ఊరంతా 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మెట్టపల్లం రాళ్ళ వీధులు, హీల్స్ వద్దు.