స్నానం తీసుకోవచ్చునా?

సందేహం: ఇంగ్లీషు బడిలో చదివే మా మనవడు "మామ్మా, స్నానం తీసుకున్నాను, బస్సు తీసుకుని వెళ్తాను" అంటున్నాడు. ఒడియా బడికి వెళ్ళే పక్కింటి పిల్ల "మందు తిన్నాను" అంటోంది. 'టేక్' అన్న మాటకు ప్రతిచోటా 'తీసుకొను' అనవచ్చునా? మందు తినడం తప్పా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, మీ మనవడి మాటలో వ్యాకరణ దోషం లేదు, అర్థంలోనే ఉంది. తీసి కొనడం తీసుకొనడం. అంటే ఒకచోట ఉన్నదాన్ని అక్కడి నుంచి తీసి తనదిగా చేసుకోవడం. గూట్లోంచి దువ్వెన తీసుకొంటాం, సంతలో బియ్యం తీసుకొంటాం. స్నానం చేస్తాం. బస్సు ఎక్కుతాం, బస్సు తీసుకొన్నాడంటే నా చెవికి బస్సును కొన్నాడనే వినిపిస్తుంది.

ఈ 'కొను' నాకు ఎంతో ఇష్టమైన ధాతువు. తమిళంలో 'కొళ్', కన్నడంలో 'కొళ్ళు' దీని తోబుట్టువులు. డబ్బిచ్చి కొనడమన్నది దీని అర్థాల్లో ఒకటి మాత్రమే; గ్రహించడమన్న అర్థం 'చేకొను', 'కైకొను' వంటి మాటల్లో నేటికీ నిలిచి ఉంది. ఇంగ్లీషు 'టేక్' అయితే ఆ భాషకు సొంతమాట కూడా కాదు. స్కాండినేవియా వాళ్ళ 'తాక' వచ్చి, 'నిమన్' అనే పాతమాటను వెళ్ళగొట్టింది. ఆ 'నిమన్' అవశేషమే తిమ్మిరికి వాడే 'నమ్' అనే మాట. పట్టుబడినదని దాని మొదటి అర్థం. మనమూ కాలికి తిమ్మిరి పట్టిందనే అంటాం కదా!

ఇచ్చేవాడు ఎదురుగా ఉన్నప్పుడు తెలుగువాడు పలకవలసిన మాట 'పుచ్చుకొను'. పోతన పద్యం చూడండి: "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని". రాజుకు కావ్యం ఇవ్వడం, బదులుగా సొమ్ములు పుచ్చుకోవడం, ఆ బేరం వద్దనుకొని చివరికి "హరి కిచ్చి" చెప్పడం: రెండు ఇవ్వడాల నడుమ ఒక్క పుచ్చుకోవడాన్ని నిలిపి, పద్యం బరువంతా ఆ మాట మీద మోపాడు మహానుభావుడు. అక్కడ 'తీసికొని' అంటే ఇచ్చేవాడి చెయ్యి కనబడదు. "కాఫీ పుచ్చుకోండి" అనే మర్యాద మన ఇళ్ళలో ఇంకా ఉండగా, బరంపురం పెళ్ళిపందిట్లో పట్టుబట్టలు కట్టిన కుర్రవాడు "కాఫీ టేక్ చేయండి" అంటుంటే నాకు బాధ కలుగుతుంది.

ఫొటో సంగతి వేరు. ఇతరులను తీస్తాం, మనల్ని మనం తీసుకొంటాం, స్టూడియోకు వెళ్ళి తీయించుకొంటాం. ఒక్క 'టేక్' ఈ మూడింటినీ విడదీయలేదు.

ఇక 'నిర్ణయం తీసుకొను'. నేను 'నిశ్చయించుకొను' అనే రాస్తాను. కానీ జనం వాడుకే ప్రమాణమని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. ఊరూ వాడా అంటున్న మాటను తప్పనడానికి నాకు నోరు రాదు. 'విశ్రాంతి తీసుకొను' కూడా అంతే. 'స్నానం తీసుకొను' మాత్రం ఇంకా ఆ స్థాయికి రాలేదు, ఇప్పుడే దిద్దవచ్చు.

పక్కింటి పిల్లను మందలించకండి. ఒడియాలో 'ఔషధ ఖాయిబా' అంటారు. ఆమె తెలుగులో తింటున్నది ఆ మందే. మన వాడుకలో మాత్ర వేసుకొంటాం, కషాయం తాగుతాం. వైద్యుడు చేతికిచ్చినదైతే, మా పెద్దలు 'మందు పుచ్చుకొన్నాను' అనేవారు.