సగ్గుబియ్యం బియ్యమేనా?

సందేహం: సగ్గుబియ్యం వరి నుంచి రాదు, ఏదో చెట్టు పిండి అంటున్నారు. మరి ‘బియ్యం’ అనడం తప్పు కాదా? అసలు ‘సగ్గు’ అంటే ఏమిటి?

సమాధానం: తప్పేమీ కాదండీ. బియ్యం అంటే వరి ఒక్కటే అనుకోవడం మన అలవాటే తప్ప మాట స్వభావం కాదు. కొర్రబియ్యం, సామబియ్యం, వెదురుబియ్యం ఉన్నాయి కదా! పొట్టు తీసి వండుకోవడానికి సిద్ధమైన గింజ ఏదైనా బియ్యమే. సగ్గుకు పొట్టు లేదు, నిజమే. కానీ చూడ్డానికి గింజ, ఎసట్లో ఉడుకుతుంది; ఆ పేరుకు అది చాలు. తమిళుల జవ్వరిసి, కన్నడిగుల సబ్బక్కి కూడా ఇలా పుట్టినవే. అరిసి, అక్కి రెండూ బియ్యమే.

‘సగ్గు’కు మూలం మలయ్ మాట ‘సగు’. హ్రస్వం తర్వాతి హల్లును ఒత్తి పలకడం మన నాలుకకు ఇష్టం: బస్సు, పెన్ను, కప్పు. న్యూగినీ, మొలక్కా దీవుల చిత్తడి నేలల్లో పెరిగే తాటిజాతి చెట్టు ఇది. శాస్త్రజ్ఞులూ మెట్రోజైలాన్ సగు అని ఆ మాటనే ఉంచారు. జీవితంలో ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. ఆ పూతకోసం దాచుకున్న పిండే మనిషికి తిండి. పూతకు ముందే నరికి, మాను చీల్చి, లోపలి దవ్వను తురిమి, నీళ్లలో పిసికి వడకడితే పిండి అడుగున పేరుకుంటుంది. ఒక్క మానుకు 150 నుంచి 300 కిలోల దాకా రావచ్చు. 13వ శతాబ్దంలోనే మార్కోపోలో సుమత్రాలో ఈ చెట్టుపిండిని చూసి రాశాడు. తడిపిండిని పూసలుగా చేసి వేడిచేస్తే సగ్గుబియ్యం.

మన జీలుగు చెట్టు దవ్వలోనూ ఇలాంటి పిండి ఉంటుంది. పచ్చిరొట్ట ఎరువుగా వేసే జీలుగ వేరే మొక్క. తోటల్లో అందానికి పెంచే సైకస్‌ మొక్కను ఇంగ్లీషులో సాగోపామ్ (సగ్గు తాటి) అంటారు గాని అది తాటిజాతి కాదు, పైగా విషం.

వంటల వీడియోల్లో తెలుగువాళ్లే సగ్గుబియ్యాన్ని హిందీలో ‘సాబుదానా’ అంటుంటే బాధేస్తుంది. దానా అన్నా గింజే కదా, ఇంట్లో ఉన్న మాటను వదిలి అరువు దేనికి?

ఒక చిక్కుంది. మన దేశంలో ఇప్పుడు అమ్మేది చాలావరకు కర్రపెండలం దుంపపిండితో చేసినది. దుంపపూసలకు చెట్టుపేరు చెల్లుతుందా? వాడుక ఒప్పుకుంది కాబట్టి నేను కాదనలేను. నిఘంటువులు మాత్రం రెండర్థాలూ విడివిడిగా ఇస్తే బాగుంటుంది.